చంద్రుడి గాలికి కాపలా

"చంద్రుడి మీద గాలి ఉందా మేడమ్?" ఏజెంట్ చార్లెస్ నమ్మలేకపోయాడు.

"ఉన్నా లేనట్టే," అంది చీఫ్ విజయరాణి. "ఎంత పలచనంటే, ఒక అణువు ఇంకో అణువుకి తగలదు. నేల మీంచి ఒంటరిగా ఎగురుతుంది, ఒంటరిగా పడుతుంది. వాటిని లెక్కపెట్టే స్పెక్ట్రోమీటర్ నూజివీడు ల్యాబ్‌లో ఉంది. ఇవాళ సీల్ చేస్తారు. ఈలోగా దానిమీద ఒక రకం నూనె ఒక్క బొట్టు పడితే చాలు. అది చంద్రుడి మీదికి వెళ్ళాక ఆ నూనె ఆవిరినే అక్కడి గాలి అనుకుంటాం. విదేశీ ముఠా ప్లాన్ అదే. ల్యాబ్‌లో వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. నూనె తెచ్చేది గ్లోరీ."

చార్లెస్‌కి తెలిసిన పేరే. రెడ్డిగూడెం గ్లోరీ. చర్చిలో మూడు ఆదివారాలు తమ పెళ్ళి ప్రకటన చదివాక, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి.

మధ్యాహ్నం అతను వాచ్‌మన్ యూనిఫాంలో, పెట్టుడు మీసంతో ల్యాబ్ గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన అసలు వాచ్‌మన్ చిన్నరాయప్ప. నల్ల కారు ఆగింది. స్టీరింగ్ దగ్గర ముఠా మనిషి. పట్టుచీర, చలవ కళ్ళద్దాలతో గ్లోరీ దిగింది. చేతిలో చిన్నరసాల పెట్టె.

"సైంటిస్టులకండీ. తోట పళ్ళు."

చార్లెస్ మెటల్ డిటెక్టర్ తిప్పాడు. చప్పుడు లేదు. ఆమె చూపు ఒక్క క్షణం అతని మీద ఆగింది.

"మామిడిపళ్ళకి చెకింగేంటయ్యా, తప్పు!" చిన్నరాయప్ప గేటు తీయబోయాడు.

"ఉండు బాబాయ్, నీకు పెట్టకుండా ఎలా పోతాను?" పెట్టె అడుగు నుంచి ఏరి ఒక పండు అతని చేతిలో పెట్టింది. "ఇక్కడే తిను."

చిన్నరసాన్ని కోసుకు తినేవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిన్నరాయప్ప గట్టిగా పిసికాడు. లోపల టక్కుమంది.

"ఇదేంటమ్మా, టెంక విరిగింది!"

వేళ్ళ మధ్య గాజు పెంకులు. ఘాటైన నూనె వాసన.

కారులోంచి తుపాకి పేలింది. గ్లోరీ కూలిపోయింది. చార్లెస్ తిరిగి కాల్చాడు. ముఠా మనిషి స్టీరింగ్ మీద వాలిపోయాడు.

"నువ్వు మనవైపే ఉన్నావా?" ఆమె తల ఒళ్ళోకి తీసుకుని అడిగాడు.

"మొదట్నించీ. చెప్పే వీల్లేకపోయింది. లోపలున్నది కిరణ్ కుమార్..." ఆమె ఊపిరి తీసుకుంది. "ఆ మీసం అస్సలు బాలేదు, చార్లెస్."

అవే ఆమె ఆఖరి మాటలు.

కిరణ్ కుమార్‌ని క్లీన్ రూమ్ గుమ్మంలో పట్టుకున్నారు. స్పెక్ట్రోమీటర్ శుభ్రంగా సీలైంది.

"రిపోర్టులో గ్లోరీ పేరు రాయకు," అంది విజయరాణి. "పండు వాచ్‌మనే లాక్కున్నాడని ముఠా అనుకోవాలి. ఆమె ముఠాలో చేర్చిన మనవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు."

"రెడ్డిగూడెంలో వాళ్ళమ్మకి ఏం చెప్పాలి మేడమ్?"

విజయరాణి రిపోర్టు కాగితాలు అతని ముందుకు తోసింది.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం, చంద్రుడి గాలిని కాపాడింది చిన్నరాయప్ప కక్కుర్తి.