మాదన్నకు ఇద్దరక్కలు

తెల్లవారగానే తాయమ్మ ఆసుపత్రి వెనక మూడురాళ్ల పొయ్యి మీద జొన్నగంజి కాచి, గిన్నెను కొంగుతో పట్టుకొని మగవాళ్ల వార్డులోకి వచ్చింది. మాదన్న కిటికీ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. గుండు చేసిన తల మీద కుట్లు మాని, వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఆమె అడుగుల చప్పుడు విని ఇటు తిరిగి, మూతి ఒకపక్కకు లాగుతుంటే కష్టపడి “అక్కా” అన్నాడు.

“లేసినావా? కూసో, మొగం తుడుస్తా” అంది తాయమ్మ.

ఆమె అతనికి అక్క కాదు, కట్టుకున్న పెళ్లాం. ఆ సంగతి ఆదోని ఆసుపత్రిలో ఆ వార్డులో ఉన్నవాళ్లెవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నది తాయమ్మే.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఎండాకాలంలో జరిగింది ఇదంతా. ఎమ్మిగనూరు సాలెవీధిలో మాదన్న నేసిన చీరంటే అడిగి మరీ కొనుక్కునేవాళ్లు. నూలు కోసం ఆదోని వచ్చి జిన్నింగు మిల్లుల వైపు నడుస్తుంటే, బండి మీద కట్టిన పత్తి బేలు తాడు తెగి అతని తల మీద పడింది. మాదన్న అన్న బసన్న పరుగున వచ్చి ఆసుపత్రిలో చేర్పించి, తాయమ్మను దగ్గరుంచి, రెండు మగ్గాలూ చూసుకోవడానికి ఊరికి వెళ్లిపోయాడు. బళ్లారి నుంచి పెద్ద డాక్టరు వచ్చి తల తెరిచి, లోపల గడ్డకట్టిన నెత్తురు తీశాడు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. తల్లి పోయాక చంకనేసుకొని పెంచిన అక్క ఉచ్చీరమ్మను పిలిచిన పిలుపొక్కటే అతని నాలుక మీద మిగిలింది. దాహమేసినా అక్కా, నొప్పెట్టినా అక్కా, పెళ్లాం ఎదురుగా నిలబడినా అక్కా.

పక్కమంచం మీద కాలు విరిగిన మొగుణ్ణి పెట్టుకొని ఆలూరు వైపు పల్లె నుంచి ఈరమ్మ అనే రైతామె వచ్చింది. నోరు మంచిది, మూతపడదు, అంతే. ఆమె వచ్చిన రోజు మాదన్న పక్క తడుపుకొని, ఎందుకో తెలియని నవ్వు నవ్వుతున్నాడు. వార్డులో మగవాళ్లంతా అటే చూస్తున్నారు. తాయమ్మ తలవంచుకొని దుప్పటి లాగుతుంటే, అతను “అక్కా” అనడం విని ఈరమ్మ జాలిగా అడిగింది.

“తమ్ముడామ్మా?”

“ఊ” అంది తాయమ్మ.

ఆ పూటకు గట్టెక్కితే చాలనుకుంది. కానీ ఆ చిన్న ఊకొట్టుడులో ఎంత సుఖముందో ఆమెకు సాయంత్రానికే తెలిసొచ్చింది. పెళ్లాన్ని చూసినట్టు అక్కను ఎవరూ చూడరు. మెడలో పుస్తెల కేసి చూసి పెదవి చప్పరించరు. ఇంత చిన్న వయసులో నీ రాత ఇట్లా అయిందా అనరు. పైగా ఎంత మంచి అక్కో అని మెచ్చుకుంటారు కూడా. మరి పెళ్లాం ఏదీ అని ఈరమ్మ ఆరా తీస్తే, పుట్టింట్లో ఉంది, రాదు అని చెప్పేసింది.

ఇక చూడాలి. ఆ రాని పెళ్లాన్ని ఈరమ్మ పొద్దున లేచింది మొదలు దుమ్మెత్తి పోసేది. మొగుడు బాగున్నన్నాళ్లూ కొత్త కోకలు కట్టి, పడిపోగానే పారిపోయిన మహాతల్లి అనేది. తాయమ్మ మొగుడి కాళ్లకు నూనె రాస్తూ ఆ తిట్లన్నీ వినేది. ఒకటి రెండుసార్లు, అవునవును, అది మొదటినుంచీ అంతే అని వంత కూడా పాడింది. అలా వంత పాడిన రోజున అన్నం దిగలేదు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఇన్నాళ్లూ దాచినందుకు ఇంకా సిగ్గనిపించి మింగేసేది.

నర్సు సువార్తమ్మ నిదానమైన మనిషి. మెదడుకు దెబ్బ తగిలినవాళ్లకు మాటలు మళ్లీ నేర్పాలని, ఇంటి మనుషుల పేర్లు, చేతిపని మాటలు రోజూ చెప్పించమని ఆమె తాయమ్మకు నేర్పింది. మాటలు దారిన పడితే చేతులూ దారిన పడతాయని, మళ్లీ మగ్గమెక్కవచ్చని పెద్ద డాక్టరు అన్నాడట. తాయమ్మ శ్రద్ధగానే నేర్పింది. చెంబు, దుప్పటి, మగ్గం, నూలు, బసన్న, ఉచ్చీరమ్మ. ఒక్కొక్కటే అతని నాలుక మీదికి వచ్చాయి. తాయమ్మ తన పేరు మాత్రం నేర్పలేదు. మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం వాళ్ల ఇళ్లలో లేదు. పదిమందిలో అయితే మరీ తప్పు. కాపరానికి వచ్చిన నాటి నుంచి అతని నోట తన పేరు ఆమె విననే లేదు. ఆ మర్యాద ఇప్పుడు ఆమె అబద్ధానికి బాగా పనికొచ్చింది.

గంజి కాచి తెచ్చిన ఆ రోజే అతన్ని ఇంటికి పంపుతున్నారు. ఎవరికీ ఏమీ తెలియకుండా బస్సెక్కేస్తే చాలని తాయమ్మ మూట కట్టుకుంటోంది. అప్పుడు వచ్చింది ఉచ్చీరమ్మ, నందవరం నుంచి. కూతురి పురుడుతో ఇన్నాళ్లూ కదల్లేకపోయిన అసలు అక్క. వార్డు గుమ్మంలో ఈరమ్మ ఎదురుపడి ఎవరమ్మా నువ్వని అడిగింది. మాదన్న అక్కనంటే, ఇంకో అక్క కూడా ఉందా అని మురిసిపోయి, ఆ రాని పెళ్లాం కథంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఉచ్చీరమ్మ లోపలికి వచ్చి తమ్ముడి తల నిమిరింది. తర్వాత తాయమ్మ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

“ఏం తాయీ, మా వాని పెండ్లాం పుట్టింట్లో ఉందంట. ఎప్పుడు పోయింది?”

తాయమ్మ చేతిలోని మూట జారింది. ఈరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సంగతి అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సిగ్గేసింది వదినా. అందరూ సూస్తాంటే సిగ్గేసింది” అంది తాయమ్మ.

“నీకు సిగ్గైతే నువ్వు పో. నా తమ్ముణ్ణి నేను తీస్కపోతా. నా ఇంట్లో వాణ్ణి సూసి సిగ్గుపడేటోళ్లు లేరు” అంటూ ఉచ్చీరమ్మ మూట అందుకుంది.

మాట్లాడితే ఏమవుతుందో అన్నట్టు ఈరమ్మ మెల్లగా అంది. “అందుకేనేమో. నేను తమ్ముడా అని అడిగిననాడు ఆయప్ప తల అడ్డంగా తిప్పినాడు. తిప్పి తిప్పి మంచం మీద కొట్టినాడు. మతి లేదులే అంటివి కదమ్మా నువ్వు. ఆ తర్వాత తిప్పడం మానుకున్నాడు.”

తాయమ్మకు ఆ రోజు కళ్లముందు కనిపించింది. మంచం మీద దబదబా కొట్టిన ఆ చెయ్యి కనిపించింది. పిచ్చి చేష్ట అనుకొని తనే ఆ చేతిని గట్టిగా పట్టి ఆపింది. ఆమె మంచం పక్కన కూలబడింది. తల ఎత్తి, ఈరమ్మకే కాదు, మంచాల మీద ఉన్నవాళ్లందరికీ వినిపించేట్టు చెప్పింది.

“మీరు ఇన్ని దినాలూ తిట్టిన పెండ్లాన్ని నేనే. ఈయన నా మొగుడు.”

తర్వాత మాదన్న వైపు తిరిగింది. అతని మొహంలోకి చూడడానికి ధైర్యం చాలక, దుప్పటి అంచు కేసి చూస్తూ అడిగింది.

“నేనెవరో నీకు తెలుసునా?”

“తెలుసు” అన్నాడు మాదన్న.

మూట పట్టుకున్న ఉచ్చీరమ్మ అలాగే నిలబడిపోయింది. తాయమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

“మరి తెలిసీ... అక్కా అని ఎందుకు పిలుస్తాంటివి?”

అతను మాటల కోసం చాలాసేపు వెతికాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక్కో మాటా విడివిడిగా బయటికి వచ్చింది.

“అట్లంటే... పలికితివి.”

తాయమ్మ అతని చెయ్యి మొహానికి అదుముకొని వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్ని తిట్లు విన్నా రానంత సిగ్గు ఆ రెండు మాటలకు వచ్చింది. మొగుడి మతి పోయిందని వార్డులో అందరి ముందు తలవంచుకున్నది తను. పెళ్లాం తనను కాదంటున్నదని తెలిసి కూడా, ఆమె దేనికి పలుకుతుందో ఆ పిలుపే పట్టుకొని ఇన్నాళ్లూ పిలిచింది అతను. ఉచ్చీరమ్మ కళ్లు తుడుచుకొని, మూటను తెచ్చి తాయమ్మ పక్కన పెట్టింది.

“నా పేరు తాయమ్మ. పేరు పెట్టే పిలువు. పలుకుతా” అంది తాయమ్మ.

అతను మొహమాటంగా అక్క వైపు చూశాడు. పిలవరా అన్నట్టు ఉచ్చీరమ్మ తల ఊపింది. పెదవులు చాలాసార్లు కదిలి, ఆగి, మళ్లీ కదిలి, చివరికి ఆ పేరు వంకరగా, ముక్కలుగా బయటికి వచ్చింది.

“ఓ” అని పలికింది తాయమ్మ, వార్డంతా వినేట్టు.