వినని కబురు

పెళ్లి రోజు తెల్లవారగానే కౌసల్యమ్మ వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసింది. చిన్నకొడుకు మహేష్ పెళ్లి ఆ రోజే, మధ్యాహ్నం ముహూర్తానికి, పోతిరెడ్డిపల్లిలోని ఫంక్షన్ హాల్లో. ఇస్నాపూర్‌లో ఆ వారం వీధికో పందిరి లేచింది. మూఢాలు దగ్గరపడ్డాయి. ఈ ముహూర్తం తప్పితే మళ్లీ నెలల తరబడి పెళ్లిళ్లు లేవు. పెళ్లికూతురు తేజస్విని తండ్రి మంచం పట్టి ఉన్నాడు. బిడ్డ లగ్గం చూసి పోతానని అడిగితే, కౌసల్యమ్మ భర్త కొమురయ్య ఆయనకు మాటిచ్చాడు.

ఇంట్లో పెద్దకోడలు నిషిత పేరు ఎవరూ ఎత్తడం లేదు.

తొలి కాన్పుకు ఆమె కందిలోని పుట్టింటికి వెళ్లింది. పుట్టబోయే బిడ్డ కోసం కౌసల్యమ్మ తన పాత నేత చీరలు చింపి, ఉతికి, మడతలు పెట్టి సందుగలో దాచింది. నెలలు నిండకముందే, పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా, పెద్దకొడుకు నరేష్ ఫోన్ చేశాడు. నిషితకు నొప్పులొచ్చాయని, సంగారెడ్డిలో దవాఖానకు తెచ్చామని చెప్పాడు. ఆ తర్వాత అతను ఏం చెప్పబోయాడో ఎవరికీ తెలియదు. కొమురయ్య భార్య చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆపేశాడు. బిడ్డ పుట్టిందని వింటే ఇంటిపేరు వాళ్లందరికీ పురుడు అంటుతుంది. పురుట్లో పెళ్లి చేయరు.

"వినకుంటే అంటదు," అన్నాడు. "లగ్గమైనంక విందాం."

అప్పటినుంచి నరేష్ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నిషిత చేసినా ఎత్తలేదు. చుట్టాలు అడిగితే కోడలిని డాక్టరు మంచం దిగొద్దన్నాడని చెప్పారు. పక్కింటి బక్కమ్మ ఒక్కతే ఆ మాట నమ్మలేదు.

"పెద్దకోడల్ని ఏడ దాచినవ్ వదినె? కొత్తకోడలికి దిష్టి తగుల్తదనా?" అంది పసుపు కలుపుతూ. ఆడవాళ్లు నవ్వారు. కౌసల్యమ్మ కూడా నవ్వింది.

మహేష్‌ను పీట మీద కూర్చోబెట్టి పసుపు పెడుతుండగా గేటు ముందు బండి ఆగింది. నరేష్ దిగాడు. కొమురయ్య అతన్ని గేటు దగ్గరే ఆపాడు.

"అమ్మను పంపు నాయినా. నిషిత రమ్మంటున్నది."

"పేరు తియ్యకు. పొద్దుగూకినంక నేనే వస్త."

"పొద్దుగూకేదాక..." నరేష్ ఆగాడు. "ఒక్క మాట చెప్పనియ్యి."

"చెప్తే నీ తమ్ముని లగ్గం నువ్వే ఆపినోడివైతవ్."

నరేష్ బండి వెనక్కి తిప్పుకున్నాడు.

కౌసల్యమ్మ పసుపు పళ్లెం బక్కమ్మ చేతికిచ్చి గేటు దగ్గరికి వచ్చింది. భర్తను లోపలికి పొమ్మంది.

"పెళ్లికొడుకు తల్లివి నువ్వు," అన్నాడు కొమురయ్య.

"ఆ పసిగుడ్డుకు నాయినమ్మను గూడ నేనే. పో, నీ చెవుల పడొద్దు."

ఆయన పందిట్లోకి వెళ్లాడు. బ్యాండ్ వాళ్లను వాయించమన్నాడు.

ఆ మోతలో ఆమె కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి ఎవరు పుట్టారని అడిగింది. ఆడపిల్ల అన్నాడు. బతుకుతుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదన్నాడు.

విన్నది. ఇక పందిట్లోకి వెళ్లడానికి లేదు, మహేష్‌ను ముట్టుకోవడానికి లేదు. పీట మీద నుంచి మహేష్ ఇటు చూశాడు. ఆమె గేటు అవతలి నుంచే చెయ్యెత్తి దీవించి, నరేష్ బండి ఎక్కింది.

దవాఖానలో నిషిత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అత్తను చూసి లేవలేదు.

"పెళ్లయిపోయిందా అత్తమ్మా?"

"ఇంక కాలే."

నిషిత అత్త పట్టుచీరను చూసింది. చేతులకున్న పసుపును చూసింది.

"నేను చేస్తే గూడ ఫోన్ ఎత్తలే మీరు."

"ఎత్తలే," అంది కౌసల్యమ్మ.

కొంతసేపటికి నిషిత కాళ్లు ముడుచుకుని, మంచం మీద ఆమెకు చోటిచ్చింది.

పాపను చూడాలంటే చేతులు కడుక్కోవాలని నర్సు చెప్పింది. గోళ్ల సందుల్లో పసుపు పోలేదు. మళ్లీ కడుక్కోమంది. పాప అద్దాల పెట్టెలో ఉంది. ముఖమంతా గొట్టాలు. నుదురు ఒక్కటే కనిపించింది. అది కొమురయ్య నుదురు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు నరేష్‌ను పక్కకు పిలిచాడు. గొట్టాలు తీసి పాపను నిషిత చేతుల్లో పెట్టారు. నిషిత చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు. ఆ తర్వాత కౌసల్యమ్మకు ఇచ్చింది. అప్పటికి పాప లేదు. దవాఖాన తువ్వాలులో చుట్టి ఉంది. నరేష్, అతని మామ పాపను కందికి తీసుకెళ్లారు.

దీపాలు పెట్టే వేళకు కౌసల్యమ్మ ఆటో దిగింది. ఇంట్లోకి వెళ్లలేదు. గేటు బయట బండ మీద కూర్చుంది. లోపల కొత్తకోడలి చేత పేరు చెప్పిస్తూ ఆడవాళ్లు నవ్వుతున్నారు.

కొమురయ్య బయటికొచ్చాడు. చేతిలో మూట ఉంది.

"నీకు జెరమొచ్చిందని చెప్పిన. ఎవ్వలూ నమ్మలే," అన్నాడు. "లగ్గం మంచిగైంది. పిల్ల తండ్రి కుర్చీల కూసోని చూసిండు. ఇగ చెప్పు. ఎవరు పుట్టిండ్రు?"

"ఆడపిల్ల."

ఆయన నవ్వాడు. మూట విప్పి చూపించాడు. పాత చీర ముక్కలు.

"ఇవి దొర్కక సందుగంత ఎతికిన. రేపు పొద్దుగాల ఇద్దరం పట్కపోదాం."

ఆమె చెయ్యి చాచి ఆ బట్టలు తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని మడతలు సరిచేసింది. చేసిన మడతే మళ్లీ చేసింది.

కొమురయ్య నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"లగ్గమైనంక."

ఆయన ఆమె పక్కన కింద కూర్చున్నాడు. బ్యాండ్ వాయించమన్నది తానేనని, ఎవరో అడిగినట్టు చెప్పాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే ఆమె వెనక్కి తీసుకుంది.

"ముట్టకు. ఇంట్ల కొత్తపిల్ల ఉన్నది."

ఆయన పట్టుకున్నాడు. ఆమె గోళ్లలో పసుపు ఇంకా ఉంది.

"ఎట్లుండె?" అన్నాడు. "చెప్పు. మొత్తం చెప్పు. వింట."

కౌసల్యమ్మ పాప నుదురు దగ్గర మొదలుపెట్టింది.