పన్నెండు వేల గొంతులు

"సర్వర్‌ని ఎత్తుకుపోవడానికి శత్రువులు రేపు పదకొండింటికి వస్తున్నారు. అది వాళ్లకు దక్కకూడదు. కాపాడలేకపోతే చెరిపెయ్," అన్నాడు చీఫ్. "అందులో మీ చెల్లెలి గొంతు కూడా ఉంది."

గద్ద పిస్టల్ నడుముకు దోపుకుని బయల్దేరాడు. ఏజెన్సీలో అతని కోడ్‌నేమ్ అదే.

పలికినట్టే రాసే కొత్త ఇంగ్లీషు స్పెల్లింగు తయారుచేయాలని ఒక ముసలి ప్రొఫెసర్ ముప్పై ఏళ్లుగా పన్నెండు వేలమంది ఉచ్చారణ రికార్డు చేశాడు. అప్పుడు గొంతు ఇచ్చిన స్టూడెంట్లలో నలభైమంది ఇప్పుడు శత్రుదేశంలో మారుపేర్లతో ఉన్న ఏజెంట్లు. సర్వర్ చిక్కితే ఫోన్లో ఒక్క హలోకే దొరికిపోతారు. చెల్లెలు వాళ్లలో ఒకతె.

గద్ద ఆ రోజే బీమా ఏజెంటు వేషంలో ల్యాబుకెళ్లి, గొంతు రికార్డింగుకని నోటి అచ్చు ఇచ్చి, మర్నాడు పదిన్నరకు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ముత్యాల దండ, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ప్రొఫెసర్ అసిస్టెంటు వచ్చింది. ల్యాబు లోపలున్న ఏజెన్సీ మనిషి ఆవిడే. కోడ్‌వర్డ్ తప్పు లేకుండా చెప్పింది.

"నిన్న మీ నోటి అచ్చుతో చేసిన పలక సార్. అంగిట్లో పెట్టుకుని చదవండి. నాలుక తగిలిన చోట పొడి చెరుగుతుంది."

పలక మీద నల్లపొడి ఉంది. ఇంతకుముందు గద్ద కళ్లెదుటే ఒక టీచరమ్మకు ఇచ్చేటప్పుడు, భయం పోవాలని ఆ పొడి చిటికెడు తన నాలుక మీద వేసుకుని చూపింది. ఇప్పుడు వేసుకోలేదు.

"ముందు మీరు రుచి చూడండి మేడమ్."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. గద్ద పిస్టల్ అప్పటికే పైకి లేచింది. కంచే చేను మేసిందన్నమాట.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఇక లాభం లేదు, మావాళ్లు మెట్లెక్కుతున్నారు."

నిజమే, బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. గద్ద తలుపు గడియ వేసి, ఆమెను కుర్చీకి కట్టేశాడు. సర్వర్ బీరువా అంత ఉంది, ఒక్కడు మోసుకుపోయేది కాదు. చేతి గడియారం విప్పాడు. అందులోని అయస్కాంతం పది సెకన్లలో మొత్తం చెరిపేస్తుంది.

లోపలి గదిలోంచి ప్రొఫెసర్ పరిగెత్తుకొచ్చి అడ్డం పడ్డాడు. "నా ముప్పై ఏళ్లు పోతే పోనీ బాబూ. మా ఆవిడ గొంతు ఒక్కటి తీసుకోనీ. పోయి ఆరేళ్లయింది. ఇంకెక్కడా లేదు."

తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

"మా చెల్లెలిదీ అందులోనే ఉంది మాస్టారూ. అది ఇంకా బతికుంది."

ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. గద్ద గడియారం ఆనించాడు. పది సెకన్లూ చెయ్యి తియ్యలేదు. తలుపు విరిగేసరికి సర్వర్ ఖాళీ, ఇద్దరూ కిటికీ అవతల ఇనుపమెట్ల మీద ఉన్నారు. అప్పుడే జీపుల్లో దిగిన ఏజెన్సీ కమాండోలు పైకి పరిగెత్తి శత్రువులందరికీ బేడీలు వేశారు.

జీపులో చీఫ్ మెసేజ్ వచ్చింది: "శభాష్. సాయంత్రానికి రిపోర్టు ఇంగ్లీషులో పంపు. స్పెల్లింగు తప్పులుండకూడదు."

పక్కనున్న ప్రొఫెసర్ అది చదివి, కళ్లు తుడుచుకుని చెయ్యి చాపాడు. "రాసి ఇలా ఇవ్వు బాబూ. పాత స్పెల్లింగే కదా, నేను దిద్దుతాను."