ఫొటోకి కట్టిన పువ్వు

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో, మందుల షాపు పైన ఒక గది ఉంది. అది కృష్ణప్రియ పూలకొట్టు. పూలకొట్టంటే మల్లెలూ చామంతులూ అనుకునేరు. కావు. గుడ్డతో, తోలుతో, చేత్తో చేసే పూలు. వాడవు, రాలవు, నీళ్ళడగవు. చేసే మనిషే వాడిపోతుంది. ఆ సంగతి బోర్డు మీద రాయరు గాని.

శ్రావణం పెళ్ళిళ్ళు మొదలైన దగ్గర్నుంచీ కృష్ణప్రియకి సరైన నిద్ర లేదు. పెళ్ళికూతుళ్ళ జడలకి పూలు చేసీ చేసీ వేళ్ళు బొబ్బలెక్కాయి. మొన్న మధ్యాహ్నమైతే పప్పనుకుని సగ్గుబియ్యం గంజి అన్నంలో కలిపేసుకుంది. గుడ్డ బిరుసెక్కడానికి కాచి పెట్టుకున్న గంజి అది. రెండు ముద్దలు లోపలికి పోయాక గాని తెలియలేదు.

"తినక్కా, పర్లేదు. నువ్వూ కాస్త బిరుసెక్కితే కూలబడకుండా ఉంటావ్," అంది సుస్మిత.

సుస్మిత చెల్లెలు. నందిగామలో డిగ్రీ చదువుతూ అక్క దగ్గర ఉంటోంది. పూలపనిలో దాని చెయ్యి సున్నా. సూదిలో దారం ఎక్కించమంటే దారానికే జ్వరం తెప్పిస్తుంది. కానీ దానికి బారెడు జడ ఉంది. పువ్వు పూర్తవగానే కృష్ణప్రియ దాన్ని చెల్లెలి జడలో గుచ్చి, వెనక్కి వాలి, తల పక్కకి వంచి చూసుకుంటుంది. కూర్చుందా, ఒరిగిందా, రేకులు విచ్చుకున్నాయా... అది చూడందే ఏ పువ్వూ కొట్టు దాటదు.

"నా తల నీకు గోడకి కొట్టిన మేకులా కనిపిస్తోందా?" అనేది సుస్మిత. అంటూనే తల వంచేది.

ఆ శనివారం పొద్దున దిలీప్ అనే ఆయన నందిగామ నుంచి వచ్చాడు. ఒక కవర్లోంచి గచ్చకాయరంగు పట్టుచీరా, పాత తోలు హ్యాండ్‌బ్యాగూ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మవండి. సౌభాగ్యమ్మ టీచరని, ఇక్కడి స్కూల్లోనే చేసింది. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చి వెళ్ళేది. రేపు సంవత్సరీకం. ఫొటోకి ప్లాస్టిక్ దండ వెయ్యబుద్ధి కావట్లేదు. వీటితో ఓ పూలదండ చేసివ్వగలరా? సాయంత్రం నేనే వచ్చి పట్టుకెళ్తా."

"ఫొటోకి తోలా అండీ?" అంది కృష్ణప్రియ.

"పూజ దగ్గర కాదులెండి, హాల్లో ఫొటోకి. పంతులుగారికి నేను చెప్పను, మీరూ చెప్పకండి." నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ బ్యాగు లేకుండా అమ్మని ఎవరూ చూళ్ళేదండి. బస్సులోనే... కిటికీకి తల ఆనించుకుని నిద్రపోతోందనుకున్నారు. చిల్లకల్లు దాటాక గాని ఎవరూ పలకరించలేదు."

వద్దు, చేతకాదు అని చెప్పాల్సిన మనిషి సరేనంది. అలిసిపోయిన వాళ్ళకి కాదనే ఓపిక కూడా ఉండదు.

ఆయన వెళ్ళాక కృష్ణప్రియ చెల్లెలి వైపు తిరిగింది. "ఇదిగో, ఇవాళ నీ తలకి సెలవు. ఫొటోకని మొదలుపెట్టిన పువ్వు బతికున్న తల మీద పెట్టకూడదు. నాకు పని నేర్పిన పుల్లమ్మగారు గట్టిగా చెప్పారు."

"పెడితే ఏమవుద్దంట?"

"అడిగా. చెప్పేలోపు ఆవిడకి కునుకు పట్టేసింది."

"భలే గురువూ, భలే శిష్యురాలూ," అని సుస్మిత పగలబడి నవ్వింది.

మధ్యాహ్నానికల్లా మబ్బు కమ్మింది. కృష్ణప్రియ బ్యాగు పట్టీలు రెండూ కోసి నీళ్ళలో నానేసింది. ఏళ్ళ తరబడి ఒకే భుజాన వేలాడిన తోలు. చెయ్యి పడేచోట నున్నగా, నల్లగా మెరుస్తోంది. నానుతున్న కొద్దీ వాసన లేచింది. ముందు తడితోలు వాసన. దాని వెనక టాల్కం పౌడరు. దాని వెనక... ఎండన పడి ఇంటికొచ్చిన మనిషి దగ్గర వచ్చే వాసన.

రేకులు కత్తిరించింది. అంచులు బ్లేడుతో పల్చన చేసింది. ఇసక దిండు మీద పెట్టి, కాల్చిన ఇనప గుండుతో ఒక్కొక్కటే నొక్కింది. నొక్కితే రేకు దోసిలిలా ముడుచుకోవాలి. ఇవీ ముడుచుకున్నాయి. కాకపోతే గుండు తగలకముందే ముడుచుకుంటున్నాయి. ఏదో పట్టుకోబోతున్న వేళ్ళలా.

పాత తోలు కదా అనుకుంది కృష్ణప్రియ. నిద్రొస్తున్నప్పుడు ఏదైనా అనుకోవచ్చు.

దీపాలు పెట్టే వేళకి వాన అందుకుంది. దండ దాదాపు పూర్తయింది. మధ్యలో వేలాడే పెద్ద పువ్వొక్కటే మిగిలింది. లోపల పట్టు రేకులు, చుట్టూ తోలు రేకులు. దానికి ఆఖరి ముడి వేస్తుండగా కరెంటు పోయింది. సుస్మిత నేల మీద, అక్క మోకాళ్ళకి వీపు ఆనించి ఫోన్ చూసుకుంటోంది. ఆ వెలుగులో దాని జడ నున్నగా మెరిసింది.

కృష్ణప్రియ ముడి బిగించింది. దారం తెంపింది. పువ్వుని జడలో గుచ్చింది. వెనక్కి వాలి, తల పక్కకి వంచి చూసింది.

"బాగా కూర్చుందే," అంది.

అన్నాక మెలకువ వచ్చినట్టయింది.

చటుక్కున లాగింది. పువ్వు రాలేదు. తోలు రేకులు జుట్టుని పట్టుకున్నాయి. ఇంకాస్త లాగింది. ఇంకాస్త బిగిశాయి.

"సుస్మీ... కదలకే. ఒక్క నిమిషం."

 ఎప్పుడూ వంకరగా కూర్చునే పిల్ల, వీపు నిటారుగా పెట్టింది. ఫోన్ నేల మీద బోర్లా పడింది. గదంతా చీకటి. వాన చప్పుడు. టాల్కం పౌడరు వాసన.

"బస్సు వెళ్ళిపోద్ది," అంది మెల్లగా.

"ఏ బస్సే?"

సుస్మిత లేచి నిలబడింది. బల్ల మీదున్న బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది. అప్పుడే మెరుపు మెరిసింది. ఆ వెలుగులో కృష్ణప్రియ చూసింది.

బ్యాగుకి పట్టీలు లేవు. రెండూ కోసేసింది కదా. అయినా అది భుజాన వేలాడుతోంది... చక్కగా... అలవాటైన చోట.

"సుస్మీ, ఆటలాడకే. నాకు ఓపిక లేదే!"

అప్పటికే మెట్ల మీద అడుగుల చప్పుడు. వయసు మీదపడిన వాళ్ళు దిగినట్టు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. అయినా కృష్ణప్రియ చెప్పులేసుకుని కిందకి వచ్చేసరికి సందు చివర మలుపు తిరిగిపోయింది.

ఊరంతా కరెంటు లేదు. బస్టాండులో ఆటోల లైట్లు, గొడుగులు, తడిసిన జనం. నందిగామ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తలుపు దగ్గర తోపులాట. ఒకటే భయం కృష్ణప్రియకి. ఆ బస్సెక్కి, ఆ కిటికీ పక్కన కూర్చుని, తల ఆనించుకుందంటే... ఇక పిలిచినా పలకదు. ఎక్కనివ్వకూడదు.

"సుస్మీ!"

జనంలోకి చొరబడింది. మెట్టు మీద ఒక జడ కనిపించింది. జడలో పువ్వు. చెయ్యి దొరకబుచ్చుకుని బలమంతా పెట్టి కిందకి లాగింది. ఇంకో చేత్తో పువ్వు పట్టి పీకింది. ఈసారి తేలిగ్గా వచ్చేసింది, పండిన జామకాయలాగా. నాలుగు వెంట్రుకలు మాత్రం అంటుకొచ్చాయి.

"రైట్, రైట్!" కండక్టరు అరుపు. బస్సు కదిలింది. లోపల ఎవరో అద్దం మీద దబదబా బాదారు. ఆపమని కాబోలు. చూడ్డానికి కృష్ణప్రియకి మెడ తిరగలేదు. తన చేతిలో చెల్లెలి చెయ్యి ఉంది. చల్లగా, తడిగా, కానీ ఉంది. అది చాలు.

"బ్యాగేదే?"

"బస్సులో పోయింది."

"పోతే పోనీ. పద ఇంటికి."

గదికి వచ్చేసరికి కరెంటొచ్చింది. సుస్మిత తల తుడుచుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని, సూది తీసుకుని, ఒక్కసారికే దారం ఎక్కించింది. పెద్ద పువ్వుని దండ మధ్యలో కుట్టేసింది. చిన్న చిన్న కుట్లు, ఒక్కటీ వంకర లేదు. ఒక్క జోకూ లేదు. ఒక్క వెక్కిరింతా లేదు.

'పాపం, హడలిపోయింది,' అనుకుంది కృష్ణప్రియ. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం హాయిగానే ఉంది. ఎన్నాళ్ళకో ఆ నోరు మూతపడింది, తన పని తగ్గింది. కళ్ళు వాలిపోతున్నాయి.

దిలీప్ తడుస్తూ వచ్చాడు. దండని రెండు చేతులా అందుకున్నాడు.

"చాలా బాగుందండి. అమ్మే దగ్గరుండి చేయించుకున్నట్టుంది."

"చిక్కిపోయావు," అంది సుస్మిత, బల్ల దగ్గర్నుంచి.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అందరూ అదే అంటున్నారండి."

"నెమ్మదిగా వెళ్ళు. చిల్లకల్లు దగ్గర లారీలు ఎక్కువ."

ఆయన కారు హారన్ సందు చివర వినిపించి ఆగిపోయింది. కృష్ణప్రియ వాయిదా వేసుకున్న అలసటంతా ఒక్కసారే మీద పడ్డట్టు నేల మీద కూలబడింది. వెనక ఎవరో చేరారు. మెత్తని వేళ్ళు తన ముడి విప్పాయి. దువ్వెన మెల్లగా దిగింది. చిన్నప్పటి నుంచీ చెల్లెలికి జడలెయ్యడమే గాని, తనకి ఒకరు వేసిందెప్పుడు?

"పడుకోమ్మా... పడుకో," అని గుసగుసగా వినిపించింది. కళ్ళు మూసుకుంది.

గంటసేపు కునికినట్టుంది, జడ ఇంకా సగంలో ఉండగా ఫోన్ మోగింది. దిలీప్.

"ఏవండీ, మీ చెల్లెలు మా ఇంటికెలా వచ్చిందండీ?"

కృష్ణప్రియకి అర్థం కాలేదు. "ఎవరూ?"

"మీ చెల్లెలేనండి. ఇందాక మీ కొట్లో చూసి వచ్చానుగా? నేను ఇల్లు చేరేసరికి మా అరుగు మీద తడిసి ముద్దై కూర్చుని ఉంది. బస్సులో వచ్చానంటోంది, అమ్మ బ్యాగే ఇటు లాక్కొచ్చిందట. ఒకటే ఏడుపు. ఇదుగో, మీతో మాట్లాడతానంటోంది..."

ఫోన్‌లో ఎక్కిళ్ళు. తర్వాత గొంతు. ఏ నిద్రలో విన్నా గుర్తుపట్టే గొంతు.

"అక్కా... అద్దం కొడుతూనే ఉన్నానే. నీ పేరు పెట్టి అరుస్తూనే ఉన్నా. నా వైపు చూడకుండా... ఎవరి చెయ్యో పట్టుకుని వెళ్ళిపోయావేంటక్కా?"

కృష్ణప్రియ ఫోన్ చెవికి అదుముకుంది.

వెనక దువ్వెన కింద పెట్టిన చప్పుడు. వేళ్ళు మాత్రం ఆగలేదు. తొందర లేకుండా, ఓపిగ్గా అల్లుతున్నాయి. కుడి పాయ మీంచి... ఎడమ పాయ మీంచి...

"అక్కా, వింటున్నావా? నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?"

కృష్ణప్రియ లేవబోయింది. తల కదల్లేదు. మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి జడ తడుముకుంది. మూడు పాయలు తనవి. పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

వాటితో కలిపి అల్లిన నాలుగో పాయ ఒకటి తగిలింది. తడిగా ఉంది. నీళ్ళు కారుతోంది.