ఫొటోల వెనక పరదా

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీకి ఉండాల్సిన పరదా లేదు. దాని చోట బూడిద రంగు గుడ్డ ఒకటి, పరీక్షకు వచ్చిన పిల్లాడిలా బిగుసుకుని వేలాడుతోంది.

"నా పరదా ఏదే?"

"మడిచి కుర్చీలో పెట్టాను అత్తయ్యా," అంది కోడలు, మిషను మీది దారప్పోగులు ఏరుతూ. "ఇవాళ క్లినిక్ మేనేజరుగారు వస్తున్నారు కదా. గది కాస్త ఆఫీసులా కనపడాలి."

పరదాలు, దిండు గలీబులు కుట్టి బతికే ఇల్లు అది. భర్త పోయాక మిషను ముందు కూర్చున్న మొదటి రోజు నుంచీ అత్తగారికి ఒక అలవాటు. ఏ ఆర్డరు వచ్చినా గుడ్డ కత్తిరించగానే అరచేతంత ముక్క దాచి, కిటికీ పరదాకు అతుకు వేసేది. బేకరీవాళ్ల చారల గుడ్డ, పై వాటా సంగీతం మాస్టారి ఊదా రంగు, బడి స్టేజీ తెర తాలూకు ఎర్ర మఖమలు, అన్నీ అందులో ఉన్నాయి.

కానీ దుకాణాల్లో రెడీమేడ్ పరదాలు దిగాక వీధిలో ఆర్డర్లు పలచబడ్డాయి. అప్పుడు కోడలు, వ్యాపారస్తులూ ఉద్యోగస్తులూ ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటులో తమ పనికి ఒక పేజీ తెరిచింది. ఆస్పత్రులు, లాడ్జీలు, ఆఫీసులు చూసేవాళ్లెవరో వెతికి, ఎవరి గదులకు ఏం కావాలో ఆలోచించి, ఒక్కొక్కరికీ విడిగా రాసేది. చాలామంది ఉలకలేదు, పలకలేదు. చివరికి పిల్లల క్లినిక్ మేనేజరు ఒకావిడ, వచ్చి చూస్తానంది. ఈ ఆర్డరూ రాకపోతే కోడలు వేరే ఊళ్లో తన పాత ఉద్యోగానికి వెళ్లిపోతుంది. కొడుకూ వెంట వెళ్తాడు. అత్తగారికి మిగిలేది మిషను చప్పుడే.

"అమ్మా, ఆవిడ ముందు నన్ను ఏమని పిలుస్తావ్?" అన్నాడు కొడుకు తల దువ్వుకుంటూ. "సైటులో నేను డిజైనర్ని, డెలివరీ మేనేజర్ని. కళ్లద్దాలు పెట్టుకుంటే అకౌంటెంట్ని."

"వెధవా అని పిలుస్తా. అన్నిటికీ సరిపోతుంది."

పేజీలో పెద్ద బృందమే ఉంది మరి. ఒక్కడే చొక్కాలు మార్చి ఫొటోలు దిగాడు. కోడలు జుట్టు ఒకసారి ముడి వేసింది, ఒకసారి వదిలేసింది. వెలుతురు బాగుంటుందని అందరూ కిటికీ ముందే నిలబడ్డారు.

"ఇన్ని అబద్ధాలకు చోటుంది, నా అతుకులకు లేదా?" అంది అత్తగారు.

"అతుకులు చూస్తే, సరైన గుడ్డ కొనే స్తోమత కూడా లేదనుకుంటారు అత్తయ్యా!"

మాట జారాక కోడలు నాలుక కరుచుకుంది. అత్తగారు కుర్చీ దగ్గరికి నడిచింది. పరదాను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మంచం మీద దాన్ని పరిచి, ఎవరొచ్చి లాగుతారో చూద్దామన్నట్టు పైన ఎక్కి కూర్చుంది.

కాసేపటికి బయట కొత్త గొంతు వినిపించింది. కుర్చీ లాగిన చప్పుడు.

"మీ బృందం ఏదమ్మా? టీ తాగడానికి వెళ్లారా?"

"వాళ్లు... అంటే మేడమ్..." కోడలు బూడిద రంగు గుడ్డ అంచు సర్దింది. "లేరండీ. మేం ముగ్గురమే. ఫొటోల్లో ఉన్నది మా ఆయనే. చొక్కాలు మార్చాడు."

లోపల అత్తగారు తలుపుకు చెవి ఆనించింది. అంతా అయిపోయిందనుకుంది.

మేనేజరు పకపకా నవ్వింది. "అది మొదటిరోజే తెలిసిందిలే. మనుషులు మారారు కానీ వెనక పరదా మారలేదు. నేనొచ్చిందే ఆ పరదా కోసం. ఏదీ?"

"అదా మేడమ్?"

"అదే. మా దగ్గర తెల్ల పరదా చూస్తేనే పిల్లలు ఏడుపందుకుంటారు. ఇదేం రంగు, అదేం రంగు అని వేలు పెట్టి చూపించడానికి ఏదైనా ఉంటే, సూది సంగతి మరిచిపోతారు. పేజీ మాత్రం సరిచెయ్యండి. ఉన్నదున్నట్టు రాస్తేనే మీతో పని. నేను నమ్మింది అందులో ఒక్కచోటే, చదవనా?" అని ఫోను తీసింది. "'ఈవిడ మా అత్తయ్య. నాకు పని నేర్పింది ఈవిడే. వంకర కుట్టు వేస్తే తిడుతుంది, విప్పిస్తుంది, పక్కన కూర్చుని మళ్లీ వేయిస్తుంది. ఈవిడ చెయ్యి తాకని పరదా మా గుమ్మం దాటదు.'"

అత్తగారికి కళ్లు మసకబారాయి. తన ఫొటో కింద కోడలు ఏం రాసిందో ఆమె ఎప్పుడూ అడగలేదు. కొడుకు చొక్కాల్లాగే అదీ ఏదో వేషమనుకుంది. పరదాను చుట్టి పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇదిగోనమ్మా. కాస్త నలిగింది. కోపమొచ్చి దీని మీద కూర్చున్నాను."

"ఎవరి మీద కోపం?"

"మా ఇంటి పెద్ద బృందం మీద."

కోడలు ఏడవబోయి నవ్వేసింది. ఆడవాళ్లు ముగ్గురూ కిటికీ ముందు చేరారు. మేనేజరు ఒక్కో అతుకూ ఎవరిదని అడగడం, అత్తగారు చెప్పడం, కోడలు మధ్యలో అందుకోవడం, అలా కాఫీ చల్లారిపోయింది. వెళ్లేముందు ఆవిడ క్లినిక్ గదులన్నిటికీ ఆర్డరు ఇచ్చింది.

"నువ్వు రాయకపోతే ఈ పరదా మన వీధి దాటి ఎవరి కంటా పడేది కాదే," అంది అత్తగారు.

"పొద్దున నేనన్న మాట..."

"నేనూ దాని మీద కూర్చున్నాగా. చెల్లు."

క్లినిక్ గుడ్డ వచ్చిన రోజు ఆమె మొదటి ముక్క కత్తిరించి, సూదితో సహా కోడలి చేతిలో పెట్టింది. "ఈ అతుకు నువ్వే వెయ్యి."

"వంకర పోతే అత్తయ్యా?"

"తిడతాను, విప్పిస్తాను," అంది అత్తగారు, కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుంటూ. "ఊరందరికీ చెప్పుకున్నావుగా!"