తొమ్మిదో మలుపులో ముప్పైమూడోవాడు

తొమ్మిదో మలుపు దగ్గర కరకట్ట ఎప్పుడూ తెగలేదు. ఎనిమిదో మలుపు తెగింది. పదో మలుపు రెండుసార్లు తెగింది. మిసిసిపీ నది ఎంత పొంగినా తొమ్మిదోది మాత్రం కదల్లేదు. ఎందుకు కదల్లేదో బెల్‌ఫ్రే జైలు పొలంలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

పాతకాలంలో ఆ జైలున్న రాష్ట్రం ఖైదీలను గుత్తేదార్లకు అద్దెకిచ్చేది. ఎడ్లను అద్దెకిచ్చినట్టే అనుకోండి. కాకపోతే ఎద్దు చస్తే గుత్తేదారు దాని ఖరీదు కట్టుకోవాలి. ఖైదీ చస్తే ఇంకొకణ్ణి పంపేవారు. కట్ట పోస్తూ కూలబడినవాణ్ణి కూలబడిన చోటే వదిలి, మీద తర్వాతి బండి మట్టి పోసేవారట. తొమ్మిదో మలుపులో అలా ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. పారిపోయినవాళ్ళ వాసన పట్టే జైలు కుక్కలున్నాయే — అవి కూడా ఆ మలుపు ఎక్కవు. కింద కూచుని ఏడుస్తాయి.

నాకిదంతా చెప్పినవాడు జూనియస్. విడుదలయ్యాక మా వీధి చివర మంగలి దుకాణం పెట్టుకున్నాడు. గొంతు మీద కత్తి ఆడిస్తూ దెయ్యాల ఊసెత్తడం అతని సరదా. మనం కదలకూడదు, నవ్వకూడదు, మధ్యలో లేచి పోకూడదు. కథకుడికి అంతకన్నా మంచి శ్రోత దొరకడు. అది వేరే సంగతి. ఈ కథ జూనియస్‌ది కాదు, ఆల్సీడ్‌ది.

పందొమ్మిదివందల డెబ్భైల్లో ఒక వసంతం. ఆల్సీడ్‌కి అరవై ఒకటి. విడుదలకి పందొమ్మిది రోజులుంది. మంచి నడవడికకు శిక్షలో నాలుగేళ్ళు తగ్గించారు. ఊళ్ళో చెల్లెలు ఒడిల్ అతనికోసం ఒక గదికి రంగు వేయించి, కొత్త పరుపు కొని ఉంచింది. కానీ ఆ తగ్గింపు ఉత్త కాగితం. ఒక్క అధికారి ఒక్క ముక్క రాస్తే చాలు, నాలుగేళ్ళూ వెనక్కి వచ్చి మీద పడతాయి.

అప్పుడు నది లేచింది.

ఆల్సీడ్ నడుము అప్పటికే పోయింది. వంగితే లేవలేడు. వైద్యుడు వీపు మీద ఓ చరుపు చరిచి “పనికొస్తాడు” అని రాశాడు. పనికి రానంటే మాట విననట్టు. మాట వినకపోతే కాగితం చిరిగినట్టు. గంటకు నాలుగు సెంట్ల కూలికి, చీకట్లో, వానలో, ముప్పైఇద్దరు కట్ట మీదికి నడిచారు. కాప్టెన్ తాలీ ద్వారం దగ్గర లెక్కపెట్టి, పుస్తకంలో 32 వేశాడు.

“తాతా, పందొమ్మిది రోజులు! బయటికెళ్ళాక మొదట ఏం తింటావ్?” అన్నాడు జూనియస్.

“మీ అమ్మ వండింది తప్ప ఏదైనా.”

“మా అమ్మ వంట నువ్వెప్పుడు తిన్నావు?”

“తిననక్కర్లేదురా. తిని పెరిగినవాణ్ణి చూస్తున్నాగా.”

తొమ్మిదో మలుపు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

లారీ దగ్గర్నుంచి మలుపుదాకా ఒక వరస. ఎడమవాడు ఇసుక బస్తా ఇస్తాడు, అందుకుని కుడివాడికివ్వాలి. ఆల్సీడ్ కుడిపక్క జూనియస్. ఎడమపక్క పెర్సీ — కిందటి నెల్లో వచ్చిన పిరికి గొడ్డు. లాంతర్లు లారీ దగ్గరొకటి, గట్టు చివరొకటి. మధ్యలో చేతులే తప్ప మొహాలు లేవు.

ఒక గంట గడిచింది. రెండు గడిచాయి... మూడో గంటలో ఆల్సీడ్ నడుములో ఏదో తెగినట్టయింది. బస్తా అందుకోబోతే చేతులు లేవలేదు.

అయిపోయింది అనుకున్నాడు. బస్తా కింద పడుతుంది. గుర్రం మీద కాప్టెన్ చూస్తాడు...

బస్తా పడలేదు.

ఎడమ నుంచి ఒక చెయ్యి అతని పొట్ట ముందుగా సాగి, బస్తాను తిన్నగా జూనియస్ చేతుల్లో పెట్టింది.

దాన్ని వాళ్ళు ‘మోసిపెట్టడం’ అంటారు. పత్తి చేలోనూ అంతే. ఒకడు చతికిలబడితే పక్కవాడు వాడి సాలు కూడా తవ్వేస్తాడు. పడ్డవాడు ఊరికే చేతులు ఆడించాలి, దూరంనుంచి చూసే దొరకు పనిచేస్తున్నట్టు కనబడాలి. దానికి ఒక కట్టుబాటుంది — మోసిపెట్టేవాడి మొహం చూడకూడదు, పేరెత్తకూడదు, మేలు చేశావనకూడదు. అన్నది ఎవడి చెవినైనా పడితే ఇద్దరికీ శిక్షే.

అందుకని ఆల్సీడ్ తల తిప్పలేదు. ఉత్తచేతులు ఆడిస్తూ నిలబడ్డాడు. పెర్సీగాడిలో ఇంత సత్తువుందా అని మాత్రం అనుకున్నాడు. ఒకసారి ఆ మణికట్టు అతని మోచేతికి రాసుకుంది. చుట్టూ సంకెల ఒరిసినట్టు, కడియంలా ఒక గాడి... చర్మం కాయలు కట్టి, కొయ్యలా ఉంది.

తెల్లవారుజామున తిరిగొచ్చారు. అందరూ తలనుంచి కాళ్ళదాకా బురద. ఎవడు ఎవడో కన్నతల్లి కూడా చెప్పలేదు. ద్వారం దగ్గర తాలీ లెక్కపెట్టాడు.

ముప్పైమూడు.

మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పైమూడు. లాంతరు తెప్పించి, భుజాలు తడుతూ లెక్కపెట్టాడు...

ముప్పైమూడు.

ఒకడు తక్కువైతే ఏం చెయ్యాలో జైల్లో ప్రతివాడికీ తెలుసు — సైరన్ కూత వెయ్యాలి, కుక్కల్ని వదలాలి. ఒకడు ఎక్కువైతే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. లెక్క కుదిరేదాకా ద్వారం తెరవరు. వాన తగ్గలేదు. తాలీకి ఆకలేస్తోంది. నిన్న రాత్రి పొరబాటున వేశాననుకున్నాడు కాబోలు, పుస్తకం తీసి 32ని 33గా దిద్ది సంతకం పెట్టాడు.

ద్వారం తెరుచుకుంది.

లోపలికి నడుస్తుంటే పెర్సీ వచ్చి ఆల్సీడ్ చెవిలో గొణిగాడు. “తాతా... రాత్రి నీకూ నాకూ మధ్య నిలబడ్డవాడెవడు?”



మొక్కజొన్న సంకటి పెట్టేచోట మళ్ళీ లెక్క తీశారు. ముప్పైఇద్దరే. పేర్లు పిలిచారు. పిలిచిన ప్రతి పేరుకూ మనిషి పలికాడు. అయినా ద్వారం పుస్తకంలో 33 ఉంది కనక కూత మోగింది. మూడు రోజులు కుక్కలతో వెతికారు. కుక్కలు తిన్నగా తొమ్మిదో మలుపుదాకా పరిగెత్తి, కింద కూచుని ఏడ్చాయి.

విచారణలో బల్ల వెనక ముగ్గురు అధికారులు కూచున్నారు. తాలీ తాను దిద్దిన సంగతి చెప్పలేదు. పెర్సీ ఉన్న నిజమే చెప్పాడు — ఆల్సీడ్ పక్కన ఒకడున్నాడని.

“పారిపోయినవాడి పేరేమిటి?” అని ఆల్సీడ్‌ని అడిగారు.

“తెలీదు దొరా.”

“రాత్రంతా పక్కన నిలబడి పేరు తెలీదా?”

“మేం పేర్లడగం దొరా.”

“మొహం?”

“చూడలేదు దొరా.”

“చూశారా, ఎంత జాగ్రత్తగా దాస్తున్నాడో!” అన్నాడు మధ్యలోవాడు పక్కవాళ్ళతో.

ఆల్సీడ్ అడిగేశాడు. “పేర్లన్నీ సరిపోయాయి కద దొరా. మాలో ఎవడూ తగ్గలేదు. మరి పారిపోయిందెవరు?”

ఆ ముగ్గురూ రెండు పుస్తకాలూ ముందేసుకున్నారు. పేర్ల పుస్తకం రాసేది ఒక ఖైదీ గుమాస్తా. ద్వారం పుస్తకం రాసేది సర్కారు అధికారి. ఇక ఏది నమ్మాలో వేరే చెప్పాలా? నేను చదువుకున్న రోజుల్లో మా తర్కం మేష్టారు ఇలాంటి చిక్కు వేస్తే తరగతంతా తెల్లమొహం వేసేది. వీళ్ళు కాఫీ చల్లారేలోగా తేల్చేశారు. లేని ఖైదీ పారిపోయాడు. పారిపోవడానికి ఆల్సీడ్ సాయపడ్డాడు.

తగ్గించిన నాలుగేళ్ళూ తీసేశారు.

ఒడిల్‌కి ఉత్తరం జూనియస్ చేత రాయించాడు. ఏం రాయించాడని అడిగాను. “ఆ పరుపు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు” అని, జూనియస్ కత్తి తోలుపట్టా మీద నూరుకున్నాడు.

వారం గడిచినా నది తగ్గలేదు. మళ్ళీ అదే వరస, అదే మలుపు. పెర్సీ వేడుకుని లారీ దగ్గరికి మారిపోయాడు. ఎడమపక్కకి ఇంకెవరూ రామన్నారు. రెండు బారల ఖాళీ. అడుగు అటు వేసి అందుకో, అడుగు ఇటు వేసి ఇవ్వు అన్నాడు తాలీ.

పది బస్తాలు. ఇరవై... నడుము మళ్ళీ విరిగింది.

ఆల్సీడ్ కళ్ళు మూసుకున్నాడు.

పొట్ట ముందుగా చెయ్యి సాగింది. బస్తా జూనియస్ చేతుల్లో పడింది.

జీవితంలో మొదటిసారి ఆల్సీడ్ కట్టుబాటు తప్పాడు. తల తిప్పలేదు గాని, పెదవి కదిపాడు.

“వద్దు నాయనా... నీకు పుణ్యముంటుంది. నువ్వు మోసిపెట్టినందుకు నాకు నాలుగేళ్ళ శిక్ష పెరిగింది.”

చెయ్యి ఆగింది. వాన చప్పుడు... గట్టును కొడుతున్న నీటి చప్పుడు...

అప్పుడు ఎడమపక్కనుంచి, నోట్లో మట్టి ఉన్నవాడు మాట్లాడినట్టు, మెల్లిగా వినబడింది.

“నాకూ ఇట్టాగే పెరిగింది, తమ్ముడా.”