ఓరెస్ట్ కొట్టిన గోల్

ఆదివారం పొద్దున కిటికీ అద్దాలకు మంచు పేరుకుని ఉంది. పొయ్యి మీద గుడ్లు వేగుతుంటే ఓరెస్ట్ ఎప్పటిలాగే కుర్రతనంలో ఐస్ హాకీలో తను కొట్టిన ఆ గోల్ కథ మొదలుపెట్టాడు.

"ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. పక్ బిళ్ళ ఐస్ మీద జారుకుంటూ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. తలెత్తి చూద్దును కదా, గోల్‌కీపర్‌కి ఎడమవైపు జానెడు సందు!"

"మొన్నటిదాకా బెత్తెడే కదయ్యా? ఏటేటా పెరుగుతోందే!" అంది అతని భార్య లెస్యా పళ్ళేలు సర్దుతూ.

ఊళ్ళో ఆట ఉన్న ప్రతిరోజూ పొద్దున ఆ కథ చెప్పాల్సిందే. చెప్పకపోతే జట్టు ఓడిపోతుందని ఇంట్లో నమ్మకం. కార్డెల్ ఊరి జూనియర్ హాకీ జట్టుకు ఆడే పిల్లలు దూరాల నుంచి వచ్చి సీజనంతా ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు. ఈ ఏడు లెస్యా ఇంటికి వచ్చినవాడు ఎమెట్. పదిహేడేళ్ళవాడు. సెప్టెంబరులో వాణ్ణి దింపుతూ వాళ్ళమ్మ జనీన్ లెస్యా చేతులు పట్టుకుని, "నీ బిడ్డే అనుకో" అని ఏడ్చింది. ఈ మధ్యాహ్నమే లీగ్ ఆఖరి ఆట. గెలిస్తే కప్పు ఊరిది.

ఎమెట్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. గుడ్లు ముట్టుకోలేదు. బల్ల కింద కుక్క వాడి కాలు నాకింది.

"పో డస్టీ, పో," అన్నాడు.

లెస్యా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ కుక్క పేరు బోర్కా. డస్టీ వాళ్ళింట్లో వాడి చిన్నప్పటి కుక్క. అది చచ్చిపోయి చాలా ఏళ్ళయిందని చెప్పింది వాడే.

ఓరెస్ట్ అది వినిపించుకోలేదు. ట్రక్కు మీద మంచు గీకడానికి బయటికి వెళ్ళాడు. లెస్యా లైటు వేసింది. ఎమెట్ చప్పున కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె వెంటనే లైటు ఆర్పేసింది.

"మొన్న ఆటలో తలకు తగిలిన దెబ్బేనా?"

"అబ్బే, ఏం లేదాంటీ. పరీక్ష చేశారుగా, బాగున్నానన్నారు."

"కుక్క పేరు మరిచిపోయినవాడివి పరీక్షలో ఎలా నెగ్గావురా?"

వాడు నవ్వబోయాడు గానీ పెదవి వంకర పోయింది. "సీజన్ మొదట్లో కంప్యూటర్ మీద ఒకసారి పరీక్ష పెడతారు కదా, అప్పుడు కావాలనే తప్పులు చేస్తాం. తర్వాత దెబ్బ తగిలినా మార్కులు తగ్గినట్టు కనిపించదు. అందరూ చేసేదే. అంకులే చెప్పారు, నిద్రపోతున్నవాడిలా మీటలు నొక్కమని." గొంతు తగ్గించాడు. "అమ్మకు చెప్పకండాంటీ. ఈ ఒక్క ఆటే."

ఎమెట్ సంచి సర్దుకోవడానికి గోడ పట్టుకుంటూ మేడ మెట్లెక్కాడు. ఆ చెయ్యి గోడ వదలకపోవడం లెస్యా చూసింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది పడితే ఏమవుతుందో ఈ దేశంలో హాకీ ఇంటివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట ఎవరూ పైకి అనరు, అంతే.

ఓరెస్ట్ లోపలికి రాగానే ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పిల్లాడికి అబద్ధం నేర్పావా?"

ఓరెస్ట్ ముఖం మాడిపోయింది. "అబద్ధమేమిటే! మా రోజుల నుంచీ ఉన్నదే. తల దిమ్మెక్కితే ఘాటు అమ్మోనియా వాసన చూపించి మళ్ళీ ఐస్ మీదికి తోసేవాళ్ళు. నేను చచ్చానా?"

"వాడు చస్తే?"

"నోరు ముయ్యి! శుభమా అని ఆటకు బయల్దేరుతుంటే... కాలేజీ జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవాళ్ళు వాణ్ణి చూడ్డానికొస్తున్నారు. వాడి బతుకు పాడుచేస్తావా?"

"బతికుంటే కదా పాడయ్యేది. జనీన్‌కు ఫోన్ చేస్తున్నాను."

"చెయ్యి! కప్పు పోయిందంటే ఊళ్ళో తలెత్తుకు తిరగలేవు."

"తల దించుకునే తిరుగుతాలే. వాడి తల నిలబడితే నాకంతే చాలు."

అప్పుడే భుజాన సంచితో ఎమెట్ కిందికి దిగాడు.

"అంకుల్, వెళ్దామా? అయ్యో, గోల్ కథ చెప్పనే లేదు! అది చెప్పకుండా కదిలితే కొంప మునుగుతుంది. కానివ్వండి."

పళ్ళెంలో వాడి గుడ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇందాకే చెప్పానుగా, ఇక్కడే," అన్నాడు ఓరెస్ట్ మెల్లగా.

ఎమెట్ అతనికేసీ ఆమెకేసీ చూశాడు. వేళాకోళమనుకుని ముందు నవ్వాడు. తర్వాత వాడి కళ్ళలో భయం కనిపించింది. "చెప్పారా? నేనున్నానా అప్పుడు?"

ఓరెస్ట్ కుర్చీలో కూలబడ్డాడు. అరచేతులు బల్లకు ఆనించాడు.

"కూర్చో నాన్నా. ఇవాళ అసలు సంగతి చెప్తాను. ఆ గోల్ నాకు గుర్తులేదు."

"అదేమిటి?" అంది లెస్యా.

"గుర్తులేదే. ఆ ఆట ముందురోజు తలకు దెబ్బ తగిలింది. ఎవరికీ చెప్పలేదు. ఆడానట, గోల్ కొట్టానట, భుజాల మీద ఊరేగించారట. మర్నాడు పొద్దున మంచం మీద మెలకువ వచ్చింది, అంతే తెలుసు. ఆ జానెడు సందూ అదీ వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నదే. అప్పట్నుంచీ ఎడమ చెవిలో హోరు. అది ఎక్కువైన రోజునే నీ మీద అరుస్తుంటాను లెస్యా. నా బుద్ధే అంత అనుకున్నావు, అనుకోనిచ్చాను."

లెస్యాలో కోపం ఏదీ మిగల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో అరిచిన అరుపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి భోరున ఏడ్చింది. ఎమెట్ సంచి జారవిడిచి, ఆమె పక్కన చేరి, "నాకు భయమేస్తోందాంటీ," అన్నాడు. అప్పుడు వాడు పదిహేడేళ్ళవాడిలా లేడు.

జనీన్‌కు ఓరెస్టే ఫోన్ చేశాడు. కోచ్‌కూ అతనే చేశాడు. సీజన్ మొదట్లో ఆ పరీక్ష కోసం పిల్లలకు తను నేర్పిన నిర్వాకం అతని నోటితోనే చెప్పాడు. అవతల కోచ్ అరుపులు వంటింటి దాకా వినబడ్డాయి. అన్నీ విని, "నువ్వేమన్నా సరే, వాడు ఆడడు," అని పెట్టేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎమెట్ కళ్ళలోకి దీపం వేసి చూసి, సీజన్ అయిపోయినట్టేనంది. "ఇంకో దెబ్బ పడి ఉంటే..." అంటూ చీటీ రాయడం మొదలుపెట్టింది.

ఆట మొదలయ్యేవేళకు ముగ్గురూ ఇంట్లో తెరలు దించుకుని కూర్చున్నారు. జనీన్ దారిలో ఉంది. బోర్కా ఎమెట్ ఒళ్ళో తల పెట్టుకుంది. ఊరి జట్టు గోల్ కొట్టినప్పుడల్లా, ఆట జరిగే రింక్‌లో హారన్ మోగించడం ఏళ్ళ తరబడి ఓరెస్ట్ పని. ఉన్నట్టుండి ఎవరో మోగించిన ఆ హారన్ ఊరంతా వినబడింది. ఓరెస్ట్ కుడిచెయ్యి దానంతటదే కదిలి మళ్ళీ మోకాలి మీద వాలింది.

"మనదే," అన్నాడు ఎమెట్. కుక్క తల నిమురుతూ, "అంకుల్, ఇవాళ్టిదంతా రేపటికి నాకు గుర్తుంటుందా?" అన్నాడు.

ఓరెస్ట్ వాడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"లేకపోతే నేను చెప్తాను నాన్నా. ఇది మాత్రం నా కళ్ళతో చూసిందే."